నాలుగో గుక్క

షెఫికా కూర్చుని ఉండగా చూసినవాళ్లు ఆ మేడలో ఒక్కరు కూడా లేరు. అయిదంతస్తులు, ఇరవై వాటాలు, ఇరవై రకాల నోళ్లు. దేని మీదా ఏకాభిప్రాయానికి రాని జనం ఈ ఒక్క సంగతిలో మాత్రం ఒకటే మాట చెబుతారు. మూడో అంతస్తు షెఫికా నిలబడే తింటుంది, నిలబడే టీవీ చూస్తుంది, చావింటికి పరామర్శకు వెళ్తే గుమ్మం పక్క గోడకు ఆనుకుని నిలబడే ఏడ్చి వస్తుంది. "ఆవిడ సోఫాని ఇప్పుడు కొట్లో పెట్టి కొత్తదని అమ్మొచ్చు" అని ఎదురింటివాళ్లు వేళాకోళం చేసేవాళ్లు. ఆమె విని నవ్వేది. నవ్వుతూనే కిటికీ దగ్గరికి వెళ్లి, అక్కణ్ణించి తలుపు దగ్గరికి వచ్చి, గొళ్లెం పడిందో లేదో తడిమి చూసి, మళ్లీ వంటింట్లోకి వెళ్లేది. కాలు కాలిన పిల్లి అని పెద్దవాళ్లు ఊరికే అనలేదు.

యాభై అయిదేళ్ల మనిషి. భర్త పోయి పదేళ్లు దాటింది. ఒక్కతే కూతురు ఎల్వెదినా, కొండ దిగితే వచ్చే పెద్ద వీధిలో మందుల షాపులో ఉద్యోగం. దాని కూతురు ఇల్మా, రెండేళ్ల నాలుగు నెలల పిడుగు, పొద్దున ఎనిమిదింటి నుంచి సాయంత్రం నాలుగింటి దాకా అమ్మమ్మ దగ్గరే ఉంటుంది. షెఫికా పొద్దున్నే లేవడానికి ఒక కారణం ఉందంటే అది ఆ ఎనిమిది గంటలే. ఆ ఎనిమిది గంటలూ చేజారిపోయే పరిస్థితి ఎలా వచ్చిందో చెప్పాలి.

ముందు కాఫీ సంగతి. వాళ్ల ఊరు సరయేవోలో కాఫీ తాగని మనిషి ఉందంటే ఒంట్లో బాగాలేదనైనా అనుకుంటారు, ఎవరితోనో మాటల్లేవనైనా అనుకుంటారు. షెఫికా మాత్రం ఇంటికి వచ్చినవాళ్లందరికీ కాఫీ కాచి పోస్తుంది. ఇత్తడి మరలో తానే గింజలు విసురుతుంది, పొడుగు పిడి జెజ్వాలో నురగ చెదరకుండా పొంగిస్తుంది, చిన్న చిన్న గిన్నెల్లో పోసి పంచదార బిళ్లలు పక్కన పెడుతుంది. తను ముట్టదు. ఎవరైనా అడిగితే బీపీ అంటుంది. "నీ బీపీ నా బీపీ కంటే బాగుందమ్మా, నేనే కదా చూసేది" అని కూతురు ఎన్నోసార్లు అంది. అయినా ఆ మాటే. ఇరవై ఎనిమిదేళ్లుగా అదే బీపీ.

ఆ తరవాత నీళ్లు. ఆ ఇంట్లో ఖాళీ సీసా అనేది ఉండదు. మంచం కింద సీసాలు, బీరువా వెనక సీసాలు, బాల్కనీలో అయిదేసి లీటర్ల క్యాన్లు. అన్నిటికంటే ముఖ్యం స్నానాల తొట్టి. అది ఎప్పుడూ అంచుకు నాలుగు వేళ్ల దిగువ దాకా నిండి ఉండాల్సిందే. ఆమె స్నానం తొట్టి పక్కన నేల మీద, బకెట్టూ చెంబుతో. రోజూ తొట్టిలోంచి నాలుగు బకెట్లు తోడుతుంది, నాలుగు బకెట్ల కొత్త నీళ్లు పోస్తుంది. యుద్ధంలో శత్రువులు దాదాపు నాలుగేళ్లు ఊరిని దిగ్బంధించిన ముట్టడి రోజుల నుంచి ఇప్పటిదాకా ఆ తొట్టి అడుగు కంటబడలేదు. ఎవరైనా నవ్వితే, "మొన్న కుళాయి రాలేదు కదా, అప్పుడెవరొచ్చారు బిందె పట్టుకుని?" అని అడుగుతుంది. నిజమే, ఎవరో ఒకరు వచ్చే ఉంటారు. ముట్టడి చూసిన మేడ అది. ఒకరు మంచం కింద పిండి బస్తాలు దాస్తారు, ఒకరు లిఫ్టు తలుపు చప్పుడుకు గోడకు అంటుకుపోతారు. అందరికీ ఏదో ఒక పిచ్చి ఉంది కనక ఒకరి పిచ్చి ఇంకొకరికి ఆనదు.

ఆనేది చిన్నపిల్లల తల్లికి.

మార్చిలో ఒక గురువారం ఎల్వెదినా గంట ముందుగా వచ్చింది. తాళం చెవి తన దగ్గర ఉంది, తలుపు తీసుకుని లోపలికి వచ్చింది. వంటింట్లో కుళాయి ధారగా పడుతున్న చప్పుడు. స్నానాల గది తలుపు ఓరగా తీసి ఉంది. బకెట్టు బోర్లా వేసి ఉంది. దాని మీంచి ఇల్మా తొట్టి అంచు మీదికి పొట్ట ఆన్చి వాలి ఉంది, రెండు కాళ్లూ గాల్లో. చేతిలో గరిటె. నీళ్ల మీద తేలుతున్న ప్లాస్టిక్ బాతును అందుకోవాలని దాని ప్రయత్నం. జుట్టు కొసలు అప్పటికే తడిశాయి.

ఎల్వెదినా అరవలేదు. అరిస్తే జారుతుందని తెలుసు. రెండంగల్లో వెళ్లి నడుం పట్టుకుని ఎత్తేసింది. పిల్ల బాతు కావాలని ఏడుపు అందుకుంది. ఆ ఏడుపుకి షెఫికా చేతిలో సగం నిండిన సీసాతో పరిగెత్తుకొచ్చింది.

"ఏమైంది? ఎప్పుడొచ్చావే? తింటావా, దుంపల పీటా రొట్టె వేడిగా ఉంది—"

"ముందు కుళాయి కట్టెయ్ అమ్మా."

ఆమె వెళ్లి కట్టేసి వచ్చింది. ఎల్వెదినా పిల్లను ఒళ్లో వేసుకుని నడవలో నేల మీదే కూలబడింది.

"దీని కాళ్లు గాల్లో ఉన్నాయి."

"ఇప్పుడేగా చూశాను. బొమ్మలతో ఆడుకుంటోంది. ఒక్క నిమిషం..."

"ఒక్క నిమిషం చాలు. మా షాపుకొచ్చే తల్లులందరూ ఒక్క నిమిషమే అంటారు."

షెఫికా బకెట్టు వైపు చూసింది. బోర్లించిన బకెట్టు తనదే. పొద్దున కడిగి ఆరబెట్టింది తనే.

"విను. సీసాలు ఉంచుకో. క్యాన్లు ఉంచుకో. మంచం కింద సముద్రాన్ని పెట్టుకున్నా నేనేమీ అనను. ఆ తొట్టి మాత్రం ఖాళీ చెయ్. రేపు సెలవు పెడతాను. ఆదివారం వస్తాను. అప్పటికి ఖాళీగా ఉంటే సరే. లేకపోతే సోమవారం నుంచి ఇల్మాని పిల్లల బడిలో వేస్తాను. వాళ్లతో మాట్లాడే ఉంచాను."

"మాట్లాడే ఉంచావా? ఎప్పుడు?"

"కొత్త సంవత్సరం దాటగానే."

కొత్త సంవత్సరం నాడు టపాకాయలు పేలుతుంటే షెఫికా పిల్లను పట్టుకుని రెండు గంటలు వంటింటి బల్ల కింద ఉంది. పిల్ల అదేదో ఆటనుకుంది. షెఫికా ఆ సంగతి ఎవరికీ తెలియదనుకుంది.

"అయితే నేను పిచ్చిదాన్ననేగా నీ ఉద్దేశం."

"కాదు. నీకు బాగాలేదని నా ఉద్దేశం. రెండూ ఒకటి కాదమ్మా. ఆస్పత్రిలో మనసు డాక్టరమ్మ దగ్గరికి ఒక్కసారి పోయి చూడు. నీ ఈడు వాళ్లు బోలెడుమంది వెళ్తారు."

"వెళ్లేవాళ్లని వెళ్లనీ. మా ఇంటావంటా అలాంటివి లేవు."

ఎల్వెదినా లేచింది. పిల్ల జుట్టు తుడిచి, టోపీ పెట్టి, తీసుకుని వెళ్లిపోయింది. పీటా అలాగే చల్లారిపోయింది. కూతురిది న్యాయమైన మాట. అది షెఫికాకు తెలుసు, అందుకే ఎక్కువ కుంగిపోయింది. అన్యాయమైన మాటయితే తిట్టుకుని బతకొచ్చు.

శుక్రవారం పొద్దున చొక్కా చెయ్యి పైకి మడిచి నీళ్లలో ముంచింది. బిరడా గొలుసు వేళ్లకు తగిలింది. లాగింది. గుటగుటమని నీళ్లు దిగడం మొదలైంది. ఒక జాన దిగింది. ఆమె పెదవులు వాటంతటవే లెక్కపెట్టసాగాయి: ఈ తొట్టి నీళ్లు జాగ్రత్తగా వాడితే నలుగురికి పదకొండు రోజులు. జాన తక్కువైతే ఎనిమిది. ఇంకో జాన పోతే అయిదు. నలుగురు ఎవరే, మొగుడు పోయాడు, కూతురు వేరే ఇంట్లో ఉంది, నువ్వొక్కతివే కదా అని అడిగేవాళ్లు పక్కన లేరు. బిరడా మళ్లీ నొక్కేసింది, కుళాయి విప్పేసింది. మధ్యాహ్నం ఇంకోసారి. సాయంత్రం ఇంకోసారి. మూడోసారి చెయ్యి నీళ్లలో పెట్టగానే వాంతి వచ్చింది. ఛీ, ఏం బతుకిది అని తనను తనే తిట్టుకుంది. ఇల్మా బాతు ఇంకా నీళ్ల మీద తిరుగుతూనే ఉంది.

శనివారం పది గంటలకు అరకిలో కాఫీ పొట్లం పట్టుకుని కింద అంతస్తు జుమ్రా ఇంటికి వెళ్లింది.

జుమ్రాకు ఎనభై ఒకటి. సీసం పోసి భయం తీసే మనిషి. ఆ కొండ మీద నత్తి వచ్చిన పిల్లాడైనా, నిద్రలో ఉలిక్కిపడే కొత్త కోడలైనా, ప్రమాదం చూసొచ్చిన లారీ డ్రైవరైనా జుమ్రా దగ్గరికే వస్తారు. గరిటెలో సీసం కరిగించి, మనిషి తల మీద దుప్పటి కప్పి, ఆ పైన నీళ్ల గిన్నె పట్టి అందులో పోస్తుంది. చుయ్‌మని గడ్డకట్టిన సీసాన్ని తీసి చూస్తుంది. ముళ్లుముళ్లుగా వస్తే భయం గట్టిగా ఉన్నట్టు. నున్నగా వచ్చేదాకా మూడు వారాలు, అయిదు వారాలు పోస్తుంది. డబ్బు తీసుకోదు, కాఫీ తీసుకుంటుంది. మనిషి ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. షెఫికాకు ఇప్పటికి ఏడుసార్లు పోసింది.

"మళ్లీ వచ్చావూ? నీ ఒక్కదాని వల్లే నా సీసం అరిగిపోతోంది."

"ఈసారి గట్టిగా పొయ్ పెద్దమ్మా. రేపటికల్లా పోవాలి."

"రేపటికల్లానా? ఇదేమన్నా పంటినొప్పా. సరే, కూర్చో."

"నిలబడతాను."

"నిలబడితే నా చెయ్యి నీ నెత్తికి అందుతుందా? తాటిచెట్టులా పెరిగావు. కూర్చో."

షెఫికా కూర్చోలేదు. మోకాళ్ల మీద నిలబడింది. జుమ్రా నిట్టూర్చి ఎర్ర దుప్పటి కప్పింది. దుప్పటి కింద చీకటిగా, కర్పూరం వాసనగా ఉంది. పైన ముసలామె గొణుగుతున్న ప్రార్థన, తరవాత చుయ్‌మన్న చప్పుడు. తల మీద ఒకసారి, గుండెల దగ్గర ఒకసారి, పాదాల దగ్గర ఒకసారి. మూడుసార్లూ అయ్యాక చాలాసేపు ఏమీ వినబడలేదు. షెఫికా తనే దుప్పటి తీసింది. జుమ్రా కిటికీ దగ్గర నిలబడి మూడు సీసం ముక్కలనూ అరచేతిలో అటూ ఇటూ తిప్పుతోంది.

"ముళ్లున్నాయా?"

"లేవు. ఇటు రా, నువ్వే చూడు."

మూడూ బిళ్లల్లా నున్నగా ఉన్నాయి.

"తొంభై ఆరులో నీకు మొదటిసారి పోసినప్పుడు ముళ్లపందిలా వచ్చింది. నాకే ఒళ్లు జలదరించింది. ఇప్పుడు నీలో భయం లేదే అమ్మాయ్. ఎప్పుడో పోయింది."

"మరి నేనెందుకిలా ఉన్నాను?" షెఫికా గొంతు ఇల్లంతా వినబడింది. "తొట్టి ఖాళీ చెయ్యలేకపోతున్నాను. పిల్లని తీసుకుపోతానంటోంది అది. తీసుకుపోతే నేను బతకలేను పెద్దమ్మా. బిరడా తియ్యడం కూడా రాని దాన్నయిపోయాను. ఎందుకిలా ఉన్నాను?"

"అది నువ్వే చెప్పాలి. భయాన్నయితే సీసం పట్టుకుంటుంది. దాచుకున్నదాన్ని పట్టుకోదు."

తేలు కుట్టిన దొంగ అరవలేడు కదా, అలా ఉంది షెఫికా పని. కిటికీ దగ్గరికి వెళ్లింది, తలుపు దగ్గరికి వెళ్లింది, గొళ్లెం తడిమింది. జుమ్రా పొయ్యి ఆర్పి, గరిటె తుడిచి, స్టూలు మీద కూర్చుని ఎదురుచూసింది. ముసలివాళ్లకు ఆ ఓపిక ఒకటుంటుంది. చివరికి షెఫికా తలుపు వైపే మొహం పెట్టి చెప్పడం మొదలుపెట్టింది.

ముట్టడి రెండో వేసవి. ఇంట్లో నలుగురు: ఆమె, యుద్ధం దగ్గర కందకంలో వారం, ఇంట్లో రెండు రోజులు గడిపే భర్త, మూడేళ్ల ఎల్వెదినా, చెల్లెలు సెనిహా. సెనిహాకు పందొమ్మిదేళ్లు, నోట్లో నువ్వుగింజ నానదు, ఫిరంగి గుండ్లు పడుతుంటే కూడా పాటలు పాడే పిల్ల. నీళ్లకు వాగు దగ్గర ఊటకు వెళ్లాలి. పాత పిల్లల బండికి క్యాన్లు కట్టుకుని కొండ దిగి, బారులో మూడు గంటలు నిలబడి, మళ్లీ ఎక్కాలి. అక్కచెల్లెళ్లకు వంతులు. ఆ రోజు షెఫికా వంతు.

ముందు రోజు భర్త కందకం నుంచి వస్తూ కాగితంలో చుట్టిన రెండు చెంచాల కాఫీ పొడి తెచ్చాడు. అసలు కాఫీ. ఏడాదిగా మాడ్చిన పప్పు నీళ్లను కాఫీ అనుకుని తాగిన నోళ్లు. భర్త అది ఇచ్చి తెల్లవారే వెళ్లిపోయాడు. షెఫికా ఆ కాగితాన్ని ఉప్పు డబ్బాలో దాచింది. చెల్లెలికి చెప్పలేదు. అక్కడ కాఫీ ఒక్కత్తే తాగడమంటే, అదీ పక్కన తోడబుట్టినది ఉండగా, మన దగ్గర పెళ్లి విందులో వాకిట్లో వాళ్లను వదిలేసి తలుపేసుకుని తినడం లాంటిది. ఎవరూ చెయ్యరు. ఆమె చేసింది.

"కడుపునొప్పిగా ఉంది, నువ్వు పో అన్నాను. నొప్పీ లేదు, గిప్పీ లేదు. నెలల తరబడి పరుగే పరుగు. ఒక్క అరగంట, ఎవరూ లేకుండా, కూర్చుని కాఫీ తాగాలనిపించింది. అంతే పెద్దమ్మా. పిల్ల నిద్రపోతోంది. అది క్యాన్లు తీసుకుని మెట్లు దిగ్గానే కట్టెల్లేక నా ఎడమకాలి చెప్పు ముక్కలు చేసి పొయ్యిలో వేశాను. కాచాను. కిటికీకి దూరంగా నడవలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఒక గుక్క తాగాను, అయిపోతుందని ఆగి ఆగి. రెండో గుక్క. మూడో గుక్క నోట్లో ఉంది, గుండు పడింది. ఎక్కడ పడిందో చప్పుడుని బట్టే తెలిసింది నాకు. మిగతా కాఫీ ఏం చేశానో ఇప్పటికీ గుర్తులేదు."

బారులో ఉన్నవాళ్లలో ఆ రోజు ఎంతమంది పోయారో ఆ కొండ మీద అందరికీ తెలుసు. సెనిహా పేరు కూడా ఊట దగ్గరి రాతి పలక మీద ఉంది. తెలియనిది ఒక్క కాఫీ సంగతే. షెఫికా ఆ తరవాత కూర్చోలేదు, కాఫీ ముట్టలేదు, ఇంట్లో నీళ్లు అయిపోనివ్వలేదు. నీళ్లు ఉంటే ఎవరూ వాగు దగ్గరికి వెళ్లనక్కర్లేదు కదా.

జుమ్రా ఆ సీసం బిళ్లలను పక్కన పెట్టింది.

"ఆ రోజు బండి చక్రం ఊడిపోయింది, నీకు తెలుసా?"

"ఏ చక్రం?"

"మీ పిల్లల బండి చక్రం. మీ చెల్లెలు కింద మెట్ల దగ్గర కూర్చుని మేకు కొట్టింది, నేను బండి పట్టుకున్నాను. కొడుతుంటే పైనుంచి కాఫీ వాసన దిగింది. ఓసి పిచ్చిదానా, ఏడాదిగా కాఫీ ఎరగని మేడ అది. నువ్వు చెప్పు కాల్చి కాఫీ కాస్తే ఎవరికీ తెలీదనుకున్నావా? నాలుగో అంతస్తు వాళ్లు కూడా తలుపులు తీసి ముక్కులు బయటపెట్టారు."

షెఫికా వెనక్కి తిరిగింది.

"సెనిహా వాసన పీల్చి నా వంక చూసింది. 'మా అక్కకి కడుపునొప్పిట పెద్దమ్మా, ఇలాంటి నొప్పి నాక్కూడా వస్తే బాగుణ్ణు' అంది. పైకి పోయి పట్టుకోవే దొంగని అన్నాను. 'పోనీలే, అది కూర్చుని ఎన్నాళ్లయిందో. తాగనీ. మడ్డి నాకుంచుతుందిలే, వచ్చాక మళ్లీ మరగబెట్టుకుంటాను' అంది. నవ్వుకుంటూనే పోయింది."

"దానికి తెలుసా?"

"తెలిసే పోయింది."

"ఇన్నేళ్లూ నాకెందుకు చెప్పలేదు?" షెఫికా రెండు చేతులతో ముసలామె భుజాలు పట్టుకుంది. "ఎందుకు చెప్పలేదు నాకు?"

"నీకు కాఫీ మీద బాధ ఉందని నాకెలా తెలుస్తుందే? బీపీ అన్నావు, నమ్మాను. ఆ రోజు ఊసెత్తితే ఏడుస్తావని నేను ఎత్తలేదు. నేను ఏడుస్తానని నువ్వు ఎత్తలేదు. ఇద్దరం ఇద్దరమే."

అది నిజమో, లేక ముసలామె అప్పటికప్పుడు కరిగించి పోసిన ఇంకో మందో షెఫికాకు ఎన్నటికీ తెలియలేదు. అడగాలనీ అనిపించలేదు. కానీ మడ్డి మరగబెట్టుకుంటానన్నది మాత్రం సెనిహా మాటే. ఆ మాటతీరు ఇంకెవరికీ లేదు. షెఫికా జుమ్రా ఒళ్లో తల పెట్టి, చిన్నపిల్ల ఏడ్చినట్టు వెక్కి వెక్కి ఏడ్చింది. ఎప్పుడు నేల మీద కూర్చుందో ఆమెకే తెలియదు.

ఏడుపు తగ్గాక జుమ్రా అంది: "మంగళవారం పదింటికి తయారుగా ఉండు. నాతో వద్దువుగాని."

"ఎక్కడికి?"

"నా కళ్ల డాక్టరు దగ్గరికి."

"నా కళ్లకేమైంది?"

"నా కళ్లకి మాత్రం ఏమైంది, సూదిలో దారం ఎక్కిస్తాను. మేడంతా కళ్ల డాక్టరని చెప్పుకున్నానే. మనసు డాక్టరమ్మ దగ్గరికే పోతున్నాను, పదకొండేళ్లు. మంగళవారం ఆడవాళ్లందరం చుట్టూ కూర్చుని మాట్లాడుకుంటాం. మాత్ర కూడా ఇచ్చింది, రోజూ ఒకటి."

షెఫికా కళ్లు తుడుచుకుంటూ తెల్లబోయి చూసింది. "నువ్వా? అందరి భయాలూ తీసే దానివి నువ్వు."

"మంత్రసానికి పురుళ్లు రావా? నా కొడుకు పోయాక నా నెత్తిమీద నేను సీసం పోసుకోవాలని చూశాను. కుదర్లేదు. చెయ్యి కాలింది." జుమ్రా మణికట్టు మీది మచ్చ చూపించింది. "లే, మొహం కడుక్కో. ఆ కాఫీ పొట్లం తీసుకుపో, రేపు నీకే పనికొస్తుంది."

ఆదివారం పొద్దున షెఫికా స్నానాల గదిలోకి వెళ్లి తలుపు బార్లా తీసి ఉంచింది. బాతును తీసి తుడిచి కిటికీలో పెట్టింది. బిరడా లాగి, గొలుసు చేతిలోనే పట్టుకుని తొట్టి అంచు మీద కూర్చుంది. నీళ్లు దిగుతున్నకొద్దీ పెదవులు పదకొండు రోజులు, ఎనిమిది, అయిదు అని లెక్కపెడుతూనే ఉన్నాయి. రెండుసార్లు చెయ్యి కుళాయి మీదికి పోయింది. రెండుసార్లూ "తెలిసే పోయింది" అని పైకి అంది. ఆఖరి నీళ్లు గరగరమని పోయాక అడుగు కనబడింది. తుప్పు చారలు, నల్లటి జిగురు, ఎప్పుడో పోయిన జుట్టు పిన్ను ఒకటి. పీచు తెచ్చి తోమింది. తోముతూ తిట్టింది. ఎవర్ని తిట్టిందని అడగకండి, గుండు పేల్చినవాణ్ణి తిట్టింది, కాఫీ తెచ్చిన మొగుణ్ణి తిట్టింది, తనను తిట్టుకుంది, తెలిసి కూడా పైకి రాకుండా పోయిన చెల్లెల్ని కూడా తిట్టింది. చెల్లెల్ని తిట్టడం అదే మొదలు.

పదకొండింటికి ఎల్వెదినా వచ్చింది. చెప్పులు విప్పకుండానే స్నానాల గదిలోకి తొంగి చూసింది. ఖాళీ తొట్టిలో తడి మాత్రం మెరుస్తోంది. వచ్చి తల్లి మొహంలోకి చూసింది. కళ్లు వాచి ఉన్నాయి. ఇల్మా ఖాళీ తొట్టిలోకి ఎక్కించమని గోల చేసింది. ఎక్కిస్తే బాతుతో సహా అందులో కూర్చుని, "నీళ్లేవి?" అని నిలదీసింది.

"కిందికి పోయాయి" అంది షెఫికా.

"ఎందుకు?"

"ఇక్కడుండి విసుగొచ్చింది వాటికి."

స్నానాల గది తలుపు వెనక కొత్తగా నింపిన క్యాను ఒకటి ఉంది. ఎల్వెదినా దాన్ని చూసింది, చూడనట్టు కోటు తగిలించింది. వంటింట్లో షెఫికా గింజలు విసిరి కాఫీ కాచింది. జెజ్వా తెచ్చి బల్ల మీద పెట్టింది. రెండు గిన్నెలు పెట్టింది. ఎల్వెదినా అలవాటు కొద్దీ అడిగింది.

"ఇంకెవరైనా వస్తున్నారా?"

"నాకే."

కూతురు చేతిలో పంచదార బిళ్ల అలాగే ఉండిపోయింది. ఆమెకు ముప్ఫై ఒకటి. తల్లి కాఫీ తాగడం ఆమె చూడలేదు, కూర్చోవడమూ చూడలేదు. షెఫికా కుర్చీ లాక్కుని కూర్చుంది. కూర్చున్నాక ఏం చెయ్యాలో తెలియక మోకాళ్ల మీద చేతులు పెట్టుకుంది.

"రేపు ఎనిమిదింటికి తీసుకొస్తాను" అంది ఎల్వెదినా నెమ్మదిగా.

"తీసుకురా. ఎల్లుండి మాత్రం మధ్యాహ్నం నుంచి. పొద్దున జుమ్రా పెద్దమ్మతో కళ్ల డాక్టరు దగ్గరికి పోవాలి."

జుమ్రాకు నెలనెలా మాత్రలు కట్టి ఇచ్చేది ఎల్వెదినాయే. అవి కళ్ల మాత్రలు కావని ఆమెకు పదకొండేళ్లుగా తెలుసు. "సరేనమ్మా. కళ్లు జాగ్రత్తగా చూపించుకో" అంది.

షెఫికా గిన్నె ఎత్తింది. ఒక గుక్క తాగింది. చేదుగా, వేడిగా ఉంది. రెండో గుక్క తాగింది. మూడో గుక్క నోట్లోకి తీసుకుని ఆగిపోయింది. మింగలేదు. కళ్లు మూసుకుని వింటూ కూర్చుంది. బయట ఎవరో తివాచీ దులుపుతున్నారు. ట్రాము గంట వినబడింది. స్నానాల గదిలో ఇల్మా గరిటెతో ఖాళీ తొట్టిని ధన్‌మని ఒక్క దెబ్బ కొట్టింది. షెఫికా ఎగిరిపడింది, గిన్నె తొణికి కాఫీ వేళ్ల మీద పడింది. సగం లేచింది కూడా.

"అమ్మా, అది ఇల్మాయే."

"తెలుసు" అని మూడో గుక్క మింగి, మళ్లీ కూర్చుంది. "మడ్డి పారబొయ్యకు. దాని కథ ఒకటుంది, నీకు చెప్పాలి. సెనిహా పిన్ని కథ."

అని నాలుగో గుక్క తాగింది.